కొలరాడో కొండల్లో మంచుచరియ ప్రమాదాన్ని అంచనా వేయడం: ఫోర్‌కాస్ట్ నుంచి గొయ్యి పరీక్ష దాకా

డెన్వర్, అరోరా, పార్కర్ వైపు స్థిరపడిన మన తెలుగువాళ్లలో చలికాలం వారాంతాల్లో స్నోషూలు కట్టుకుని కొండల్లోకి వెళ్లేవాళ్లు ఉన్నారు, స్కీయింగ్ నేర్చుకుని రిసార్టు బయట వాలుల మీద కన్నేసేవాళ్లూ ఉన్నారు. రిసార్టు లోపల తెల్లవారకముందే గస్తీ సిబ్బంది (స్కీ పెట్రోల్) పేలుడు పదార్థాలతో వాలుల్ని పరీక్షించి, అనుమానం ఉన్నవాటిని మూసేస్తారు. రిసార్టు సరిహద్దు తాడు దాటాక ఆ పని చేసిపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. లవ్‌లాండ్ పాస్, బెర్తూడ్ పాస్, హూజియర్ పాస్ లాంటి చోట్ల కారు దిగి కాసేపు నడిస్తే చాలు, మంచుచరియ విరిగిపడే వాలు కిందికి చేరుకుంటారు. 2022 జనవరిలో హూజియర్ పాస్ దగ్గర మంచుచరియ కింద చనిపోయిన ఇద్దరూ స్నోషూల మీద నడుస్తున్నవాళ్లే. "మేం స్కీయింగ్ చెయ్యం, ఊరికే నడుస్తాం" అన్న ధీమా పనికిరాదు.

మంచులో గొయ్యి తవ్వి పొరలు చూడటం గురించి కింద వివరంగా రాశాం. కానీ దాని విలువ ఎంతవరకో ముందే చెప్పాలి. గొయ్యి "వద్దు" అని చెబితే వినాలి. "ఏమీ కనపడలేదు" అంటే మాత్రం "వెళ్లొచ్చు" అని అర్థం కాదు. ఒక వాలు మీద ఇరవై మీటర్ల దూరంలోనే పొరలు మారిపోతాయి. ఎక్కడికి వెళ్లాలన్నది ఇంట్లో ఉండగానే, ఫోర్‌కాస్ట్‌నూ వాలు కోణాన్నీ బట్టి తేల్చుకోవాలి.

ఇక్కడి మంచు ఎందుకు బలహీనం

కొలరాడో ఎత్తుల్లో తొలి మంచు అక్టోబరులో పడుతుంది. ఆ తర్వాత చాలా రోజులు ఆకాశం నిర్మలంగా ఉండి, రాత్రి చలి మైనస్ 15, మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కు దిగుతుంది. మంచు కింద నేల మాత్రం దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది. పేరుకున్న మంచు 50 సెంటీమీటర్లే అనుకుంటే, అడుగున 0, పైన మైనస్ 15. అంటే ప్రతి 10 సెంటీమీటర్లకు 3 డిగ్రీల తేడా. 10 సెంటీమీటర్లకు 1 డిగ్రీ తేడా ఉంటేనే మంచు రేణువుల రూపం మారడం మొదలవుతుంది. అడుగున వెచ్చగా ఉన్న రేణువుల నుంచి ఆవిరి పైకి కదిలి, పైనున్న చల్లటి రేణువుల మీద గడ్డకడుతుంది. ఆ క్రమంలో రేణువుల మధ్య అతుకులు పోతాయి, రేణువులు కోణాలు తేలి పెద్దవవుతాయి. వీటిని ఫేసెట్లు అంటారు. నేలకు ఆనుకుని ఉన్నవి ఇంకా పెరిగి 3, 4 మిల్లీమీటర్ల సైజుకు వస్తే అది డెప్త్ హోర్. గుప్పిట్లోకి తీసుకుని ఉండ చేద్దామంటే కట్టదు, పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. స్కీయర్లు దాన్ని పిలిచే పేరు కూడా షుగర్ స్నో.

వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కు తూర్పున ఉన్న కాస్కేడ్ కొండల్లో పరిస్థితి వేరు. అక్కడ మంచు మీటర్ల మందాన పడుతుంది, చలీ తక్కువ. మందం ఎక్కువైతే 10 సెంటీమీటర్లకు వచ్చే ఉష్ణోగ్రత తేడా తగ్గిపోతుంది, రేణువులు గుండ్రబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. తుపాను వెళ్లాక రెండు మూడు రోజులు ఆగితే అక్కడ చాలాసార్లు మంచు కుదుటపడుతుంది. సియాటిల్ నుంచి డెన్వర్‌కు ఉద్యోగం మారి వచ్చినవాళ్లు ఆ అలవాటునే ఇక్కడికి తెచ్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కొలరాడోలో నవంబరులో పుట్టిన బలహీన పొర ఏప్రిల్ దాకా బతికి ఉండగలదు.

డిసెంబరు, జనవరిలో తుపాన్లు వచ్చి ఆ పంచదార మీద గట్టి మంచును పేరుస్తాయి. గాలి తోడైతే ఇంకా గట్టి పలక తయారవుతుంది. పైన పలక, కింద బలహీన పొర, దానికింద జారడానికి వీలైన నేలో గడ్డకట్టిన మంచో, తగినంత వాలు: ఈ నాలుగూ కలిసినచోట మనిషి బరువు చాలు. అడుగుపడినచోట బలహీన పొర కూలుతుంది, ఆ కూలడం పొర వెంబడి పక్కకు పాకుతుంది, పలక మొత్తం ఒక్కసారిగా తెగుతుంది. పగులు మీకు పైన పడుతుంది కాబట్టి తప్పుకునే వీలు ఉండదు. పాకడం వాలు మీదే మొదలవ్వాలని కూడా లేదు. కింద చదునులో నడిచేవాళ్లు పైనున్న వాలును తెంపుకోగలరు. 2013 ఏప్రిల్ 20న లవ్‌లాండ్ పాస్ దగ్గర షీప్ క్రీక్‌లో జరిగింది అదే. ఆరుగురు అనుభవజ్ఞులు, ఫోర్‌కాస్ట్ చదివి, మంచులో పూడినా జాడ తెలిపే సిగ్నల్ పరికరాలు, అంటే బీకన్లు, పెట్టుకుని వెళ్లినవాళ్లు, ఉత్తరముఖంగా ఉన్న వాలు అడుగుభాగంలో నడుస్తుండగా పైన దాదాపు 800 అడుగుల వెడల్పున మంచు తెగింది. అడుగున ఉన్నది సీజన్ మొదట్లో పుట్టిన పొర. ఐదుగురు చనిపోయారు. 1962 తర్వాత కొలరాడోలో ఒకే మంచుచరియ అంతమందిని బలిగొన్నది అప్పుడే.

డెప్త్ హోర్ ఒక్కటే కాదు, గుర్తుపెట్టుకోవాల్సిన బలహీన పొరలు ఇంకా ఉన్నాయి. గాలి లేని నిర్మలమైన రాత్రి మంచు ఉపరితలం మీద ఆకుల్లాంటి పలుచని స్ఫటికాలు మొలుస్తాయి. ఇది సర్ఫేస్ హోర్. ఎండలో తళతళలాడుతుంది, ఫొటోలకు బాగుంటుంది. దానిమీద తర్వాతి మంచు పడి కప్పేసిందంటే సెంటీమీటరు మందం కూడా లేని ఆ పొర గొయ్యి గోడలో కంటికి తేలిగ్గా కనపడదు, కానీ వారాల తరబడి ప్రమాదకరంగా ఉంటుంది. దక్షిణముఖం వాలుల మీద ఎండకు కరిగి రాత్రికి గట్టిపడిన పెచ్చుల పైనా కిందా కూడా ఫేసెట్లు పుడతాయి.

ముందురోజు సాయంత్రం

కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్, అందరూ సీఏఐసీ అంటారు, రేపటి ఫోర్‌కాస్ట్‌ను ముందురోజు సాయంత్రమే పెడుతుంది. ప్రమాద స్థాయిలు ఐదు: 1 లో, 2 మోడరేట్, 3 కన్సిడరబుల్, 4 హై, 5 ఎక్స్‌ట్రీమ్. చాలామంది 3ను చూసి "మధ్యస్థం, పర్లేదు" అనుకుంటారు. 3 అంటే మనిషి తగిలితే మంచు తెగే అవకాశం బలంగా ఉందని. 2 నుంచి 3కు పెరిగే ప్రమాదం ఒక మెట్టు కాదు, రెట్లలో ఉంటుంది. 4, 5 రోజుల్లో జనం ఇళ్లలోనే ఉంటారు. చావులు ఎక్కువగా 2, 3 రోజుల్లోనే జరుగుతున్నాయి.

అంకె చూసి ఆగిపోతే ఫోర్‌కాస్ట్‌లో సగం వదిలేసినట్టే. కింద ఒక గుండ్రటి బొమ్మ ఉంటుంది. అందులో దిక్కులు, మూడు ఎత్తులు: ట్రీలైన్ కింద, ట్రీలైన్ దగ్గర, ట్రీలైన్ పైన. కొలరాడోలో చెట్లు దాదాపు 11,500 అడుగుల దగ్గర ఆగిపోతాయి. ఏ దిక్కు ముఖంగా, ఏ ఎత్తులో ఉన్న వాలులు ప్రమాదమో ఆ బొమ్మలో రంగు వేసి చూపిస్తారు. పక్కనే సమస్య పేరు ఉంటుంది. ఈ పేరు ముఖ్యం, ఎందుకంటే ఒక్కో సమస్య ప్రవర్తన ఒక్కోలా ఉంటుంది.

స్లాబ్ అంటే పైన చెప్పిన పలకే. స్టార్మ్ స్లాబ్ కొత్త మంచులోనే పుడుతుంది, చాలావరకు రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. విండ్ స్లాబ్ గాలి పేర్చినది. గట్ల వెనక, రాళ్ల పక్కన, కాలువల్లో ఉంటుంది, కంటికి దొరుకుతుంది, తప్పించుకోవచ్చు. పర్సిస్టెంట్ స్లాబ్ పైన చెప్పిన ఫేసెట్ల మీద కూర్చున్నది. వారాలు ఉంటుంది, దూరం నుంచి తెగుతుంది, పది మంది నడిచిన వాలు పదకొండో మనిషికి తెగొచ్చు. డీప్ పర్సిస్టెంట్ స్లాబ్ మీటరుకు పైన లోతులో ఉంటుంది. తెగే అవకాశం తక్కువ, తెగితే బతికే అవకాశం కూడా తక్కువ. చివరి రెండింటిలో ఏది రాసి ఉన్నా ఆ దిక్కు, ఆ ఎత్తులో 30 డిగ్రీలు దాటిన వాలులను ఆ రోజుకు పూర్తిగా వదిలేయండి. పరీక్షలు చేసి తేల్చుకుందాం అనే రోజు కాదది.

చదివింది ఒక వాక్యంగా రాసుకోండి. "ఉత్తరం నుంచి తూర్పు, ట్రీలైన్ దగ్గరా పైనా, పర్సిస్టెంట్ స్లాబ్, స్థాయి 3" అని. తోడు వచ్చేవాళ్లందరికీ ఆ వాక్యం వాట్సాప్‌లో పంపండి. ఎవరైనా ఒక్కరు వద్దంటే దారి మార్చుకుందామని కూడా ఆ సాయంత్రమే అనుకోండి. కొండ మీద చలిలో వాదించుకోవడం కుదరదు.

హిమాలయాలకు వెళ్లే మనవాళ్లు కూడా చలికాలంలో డీఆర్‌డీఓకు చెందిన డీజీఆర్‌ఈ ఇచ్చే మంచుచరియల హెచ్చరికలను ఇలాగే చదువుకోవాలి. అక్కడి ప్రమాదం చలికాలానికే పరిమితం కాదు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా-2 మీద మంచుచరియలో చిక్కుకున్నది శిక్షణలో ఉన్న పర్వతారోహకులు.

వాలు కోణం

పలక మంచుచరియల్లో అత్యధికం 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల మీద తెగుతాయి, 38 చుట్టుపక్కల మరీ ఎక్కువ. 30 కన్నా తక్కువ వాలు మీద, పైన నిటారు వాలు ఏదీ దానికి అతుక్కుని లేకపోతే, మంచు ఎంత బలహీనమైనా పలక జారడం అరుదు. మంచు గురించి ఏమీ తెలియనివాళ్లను కూడా కాపాడేది ఈ ఒక్క అంకె.

కాల్‌టోపో లాంటి మ్యాపుల్లో వాలు కోణం రంగులు ఆన్ చేసి, వెళ్లాలనుకున్న దారిని గీయండి. దారి నిటారు వాలును చూపే పసుపులో పడకపోతే చాలదు, దారికి పైన పసుపు, నారింజ, ఎరుపు ఎక్కడున్నాయో చూడండి. వాటినుంచి పడే మంచు మీ దారి మీదికే వస్తుంది. లోయ అడుగున వాగు పక్కన నడిచే చదును దారులు ఇలాగే మోసం చేస్తాయి. మ్యాపు రంగులు చిన్న గట్లను పట్టుకోలేవు. ఐదారు మీటర్ల ఎత్తున్న నిటారు గట్టు మ్యాపులో మామూలు వాలులా కనపడుతుంది, మనిషిని పూడ్చడానికి మాత్రం సరిపోతుంది.

కొండ మీద కోణం కొలవడానికి ఇన్‌క్లినోమీటర్ ఉంటే మంచిది. లేకపోతే ఒకే పొడవున్న రెండు స్కీ పోల్స్ చాలు. ఒక పోల్‌ను వాలు వెంట, నీళ్లు జారే దిశలో మంచు మీద పడుకోబెట్టి నొక్కి అచ్చు వేయండి. పోల్ పైచివరను అచ్చులోనే ఉంచి కిందిచివరను గాల్లోకి ఎత్తండి. ఆ ఎత్తిన చివర నుంచి రెండో పోల్‌ను నిట్టనిలువుగా వేలాడనివ్వండి. రెండో పోల్ కొన సరిగ్గా అచ్చు కిందిచివర దగ్గర మంచును తాకేలా కుదిరితే వాలు 30 డిగ్రీలు. అచ్చు దాటి కిందికి తాకితే 30 కన్నా నిటారు. 120 సెంటీమీటర్ల పోల్స్‌తో, అచ్చు దాటిన ప్రతి 10 సెంటీమీటర్లకు సుమారు 3 డిగ్రీలు కలుపుకోవచ్చు. ఈ కొలత ప్రమాదం లేని చిన్న గట్ల మీద సాధన చేయాలి. అనుమానం ఉన్న పెద్ద వాలు మధ్యకు పోయి కొలవకూడదు.

దారిలో మంచు చెప్పేవి

కిందివాటిలో ఏ ఒక్కటి కనపడినా వాలు మీదకు వెళ్లే ఆలోచన మానుకోండి. ఎదురుగా, అదే దిక్కు వాలు మీద కొత్తగా తెగిన మంచుచరియ ఉంటే అంతకుమించిన సాక్ష్యం అక్కర్లేదు. కాలు పెట్టినప్పుడు "వూంఫ్" అని గుండెల్లో తగిలే శబ్దంతో మంచు కిందికి దిగితే, మీ కింద బలహీన పొర కూలిందన్నమాట. చదునులో ఉన్నారు కాబట్టి జారలేదు, అంతే. స్కీ ముందు నుంచి పగుళ్లు మీటర్ల దూరం పరుగెత్తితే పలక బిగుసుకుని ఉన్నట్టు. 24 గంటల్లో 30 సెంటీమీటర్లు, లేదా గంటకు రెండున్నర సెంటీమీటర్ల చొప్పున కొన్ని గంటలు మంచు పడితే బరువు పొరలు సర్దుకునే వేగాన్ని మించిపోయినట్టు. ఉష్ణోగ్రత గబగబా పెరిగినా అంతే.

గాలిని జనం తేలిగ్గా తీసుకుంటారు. గంటకు 25 నుంచి 65 కిలోమీటర్ల గాలి ఒకవైపు మంచును ఊడ్చి మరోవైపు పోస్తుంది. ఆకాశం నుంచి పడే మంచుకన్నా పది రెట్ల వేగంతో కూడా పేర్చగలదు. కొలరాడోలో గాలి ఎక్కువగా పడమర నుంచి వీస్తుంది, అందుకని గట్లకు తూర్పువైపు వాలుల మీద బరువు పడుతుంది. నీలాకాశం ఉన్న రోజైనా శిఖరాల మీద మంచు జెండాల్లా ఎగురుతుంటే ఆ వెనక వాలులు నిండుతున్నాయని తెలుసుకోండి. మొద్దుగా డప్పులా మోగే, నునుపైన, తెల్లటి దిళ్లలా ఉబ్బిన మంచు విండ్ స్లాబ్.

గొయ్యి తవ్వడం

చోటు ఎంపికలోనే సగం పని ఉంది. మీరు వెళ్లబోయే వాలుతో దిక్కు, ఎత్తు, కోణం కలవాలి. కానీ పైన పెద్ద వాలు ఉండకూడదు, కింద లోయో రాళ్లో ఉండకూడదు, తెగినా మనిషి మునగనంత చిన్న గట్టు కావాలి. చెట్లకు కనీసం ఐదు మీటర్ల దూరం ఉండాలి. కొమ్మల నుంచి రాలిన మంచు పొరల్ని కలిపేస్తుంది. ఇతరుల అడుగులు పడినచోటు పనికిరాదు. ప్రోబ్‌తో, అంటే మంచులో గుచ్చే పొడవాటి కడ్డీతో, నాలుగైదు చోట్ల గుచ్చి లోతు చూడండి. ఒకచోట 60 సెంటీమీటర్లు, పక్కన 150 వస్తే కింద బండరాయి ఉంది, జరగండి. ప్రోబ్ దిగేటప్పుడు చేతికి తెలిసే మార్పును కూడా పట్టించుకోండి. గట్టిగా దిగుతూ దిగుతూ ఒక్కసారిగా జారిపోయిందంటే పలక కింద బలహీన పొర మొదలైనట్టు.

వెడల్పు మీటరున్నర, లోతు 120 నుంచి 150 సెంటీమీటర్లు. కొలరాడోలో జనవరి దాకా చాలాచోట్ల ఈ లోతుకే నేల తగులుతుంది. పొరలు చూసే గోడ నీడలో ఉండాలి, పారతో నిలువుగా, నునుపుగా చెక్కాలి. గోడకు పైనున్న మంచు మీద ఎవరూ నిలబడకూడదు. ఇద్దరు తవ్వితే పది నిమిషాల పని.

ముందు చేత్తో గట్టిదనం చూడండి. గ్లవ్ వేసిన పిడికిలిని తేలికగా నొక్కితే దిగిపోయే పొర అన్నిటికన్నా మెత్తన. పిడికిలి దిగకపోతే నాలుగు వేళ్లు కలిపి, అవీ దిగకపోతే ఒక వేలు, ఆ తర్వాత పెన్సిల్, చివరికి కత్తి. పైనుంచి కిందికి పోయే కొద్దీ మంచు గట్టిపడుతూ ఉంటే కాస్త నయం. పెన్సిల్ గట్టిదనం ఉన్న పొర కింద పిడికిలి దిగే పొర ఉంటే అదే మీరు వెతుకుతున్నది. ఒక బ్రష్‌తో గోడను అడ్డంగా తుడిస్తే మెత్తటి పొరలు లోపలికి వెళ్లి, గట్టివి గీతల్లా బయటికి తేలుతాయి. థర్మామీటరును ప్రతి 10 సెంటీమీటర్లకు గుచ్చి చూస్తే, 1 డిగ్రీకి మించి తేడా ఉన్నచోట ఫేసెట్లు ఇంకా పెరుగుతున్నాయని తెలుస్తుంది.

బలహీన పొర నుంచి చిటికెడు రేణువుల్ని మిల్లీమీటర్ల గళ్లున్న క్రిస్టల్ కార్డు మీద పోసి, భూతద్దంలో చూడండి. కోణాలు తేలి మెరుస్తున్నాయా, గుండ్రంగా మసకగా ఉన్నాయా? ఊపిరి తగిలితే కరిగిపోతాయి, కాబట్టి ముఖం పక్కకు పెట్టుకోండి. ఐదు లక్షణాలు లెక్కపెట్టండి: పొర మీటరు లోతు లోపల ఉండటం, 10 సెంటీమీటర్లకన్నా పలచగా ఉండటం, పక్క పొరతో గట్టిదనంలో కనీసం ఒక మెట్టు తేడా, రేణువుల సైజులో మిల్లీమీటరు తేడా, రేణువులు ఫేసెట్లో సర్ఫేస్ హోరో కావడం. నాలుగు, ఐదు కలిస్తే పరీక్ష ఫలితం ఏమొచ్చినా అనుమానం పోకూడదు.

తట్టి చూసే పరీక్షలు

మొదటిది కంప్రెషన్ టెస్ట్. గోడలో 30 సెంటీమీటర్ల చదరపు దిమ్మెను నాలుగువైపులా రంపంతో విడదీయండి. పైన పార పెట్టి, మణికట్టు నుంచి పదిసార్లు, మోచేతి నుంచి పదిసార్లు, భుజం నుంచి పదిసార్లు తట్టండి. చేతి బరువే పడాలి, బలం కలపకూడదు. ఎన్నో తట్టుకు ఏ పొర తెగిందో రాసుకోండి. అంకె కన్నా తెగిన తీరు ముఖ్యం. ఒక్కసారిగా అద్దం కోసినట్టు నునుపుగా జారినా, పొర కుప్పకూలినా ప్రమాదం. గరుకుగా, ముక్కలుగా, ఈడ్చుకుంటూ తెగితే కాస్త నయం. ఈ పరీక్ష బలహీన పొర ఎక్కడుందో చూపిస్తుంది. పగులు పాకుతుందా లేదా అన్నది చెప్పదు.

పాకుతుందా అన్నదానికి ఎక్స్‌టెండెడ్ కాలమ్ టెస్ట్ (ఈసీటీ) చేస్తారు. మాకు ఒక్క పరీక్షకే సమయం ఉంటే ఇదే చేస్తాం. వాలుకు అడ్డంగా 90 సెంటీమీటర్లు, పైకి 30 సెంటీమీటర్లు ఉండే దిమ్మె కావాలి. వెనకవైపు కొయ్యడానికి ముడులు వేసిన మూడు మీటర్ల సన్నటి తాడును, మూలల్లో గుచ్చిన ప్రోబుల చుట్టూ తిప్పి ఇద్దరు చెరోవైపు లాగుతారు. పారను దిమ్మెకు ఒక చివర పెట్టి పైన చెప్పినట్టే తట్టాలి. పగులు పుట్టిన తట్టుకే, లేదా దాని తర్వాతి తట్టుకే, 90 సెంటీమీటర్లూ ఆ చివరి దాకా తెగితే పాకినట్టు. ఈసీటీపీ 14 అని రాస్తే పద్నాలుగో తట్టుకు పాకిందని అర్థం. పార కింద మాత్రమే తెగి ఆగిపోతే ఈసీటీఎన్. ముప్ఫై తట్లకూ ఏమీ తెగకపోతే ఈసీటీఎక్స్.

ఇక్కడ జరిగే పొరపాట్లు దాదాపు ఎప్పుడూ ఇవే. వెనకవైపు కోత బలహీన పొర దాకా దిగకపోవడం ఒకటి. దిమ్మె ఇంకా వెనక మంచుకు అతుక్కునే ఉంటుంది, పగులు పాకదు, మీరు సంతోషిస్తారు. పైన మెత్తటి కొత్త మంచు ఉంటే పార దాన్ని తొక్కేస్తుంది, దెబ్బ కిందికి చేరదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: తట్టిన దెబ్బ మీటరు లోతు దాటి సరిగా చేరదు. అడుగున ఒకటిన్నర మీటర్ల లోతులో డెప్త్ హోర్ ఉన్నా ఈసీటీఎక్స్ వస్తుంది. ఆ ఫలితం చూసి మంచు గట్టిగా ఉందనుకోవద్దు.

అంత లోతు పొరకు ప్రొపగేషన్ సా టెస్ట్ ఉంది. దిమ్మె వాలుకు అడ్డంగా 30 సెంటీమీటర్లు, వాలు వెంట పైకి కనీసం ఒక మీటరు. బలహీన పొర మీటరు కన్నా లోతుంటే ఆ లోతంత పొడవు. రంపం పళ్లు లేని అంచుతో బలహీన పొరనే పట్టుకుని కిందినుంచి పైకి కోసుకుంటూ వెళ్లండి. సగం పొడవు దాటకముందే మిగతాది దానంతట అదే చివరిదాకా తెగిపోతే, ఆ వాలు మీద పగులు పాకుతుంది. ఏ పొరను పరీక్షించాలో ముందే తెలిసి ఉండాలి కాబట్టి ఇది గోడ చదివిన తర్వాతే చేస్తారు.

రెండు గోతుల్లో ఒకటి పాకిందని, ఒకటి లేదని చెబితే పాకిందన్నదే ఆ రోజు ఫలితం. సరాసరి తీయకూడదు. ఫోర్‌కాస్ట్ పర్సిస్టెంట్ స్లాబ్ అని చెప్పి, మీ గొయ్యి ఏమీ లేదంటే ఫోర్‌కాస్ట్‌నే నమ్మండి. దాని వెనక వందల పరిశీలనలు ఉంటాయి, మీ దగ్గర ఉన్నది ఒక్క గొయ్యి.

ఏప్రిల్ తర్వాత కరుగుమంచు లెక్క వేరే. రాత్రి గడ్డకట్టిందా అన్నదే ప్రశ్న. గడ్డకడితే చీకటితో బయల్దేరి, బూటు చీలమండ దాకా దిగడం మొదలవ్వకముందే వాలు నుంచి బయటపడాలి. ఎండ తగిలిన వాలు మీద మంచు ఉండలు దొర్లడం మొదలైతే ఆలస్యమైనట్టే. వరసగా రెండు మూడు రాత్రులు సున్నాకు దిగకపోతే నిటారు వాలుల జోలికి పోవద్దు.

నడిచే పద్ధతి, పూడ్చుకుపోతే చేయాల్సినవి

అనుమానం ఉన్న చోటును ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు ప్రమాదం చేరని చోట నిలబడి కళ్లు తిప్పకుండా చూడాలి. వాలు ఉబ్బెత్తుగా వంగేచోటు, రాళ్ల చుట్టూ మంచు పలచగా ఉండేచోటు పగులు పుట్టే స్థలాలు. కింద వాగు, గుంట, చెట్ల గుంపు, కొండ అంచు ఉంటే చిన్న మంచుచరియ కూడా చంపుతుంది. చనిపోయేవాళ్లలో సుమారు నాలుగో వంతు ఊపిరాడక కాదు, చెట్లకూ రాళ్లకూ కొట్టుకుని పోతారు.

ప్రతి ఒక్కరి దగ్గర మూడు వస్తువులు ఉండాలి: మూడు యాంటెన్నాల 457 కిలోహెర్ట్జ్ బీకన్, కనీసం 240 సెంటీమీటర్ల ప్రోబ్, లోహపు పార. ప్లాస్టిక్ పార గట్టిపడ్డ మంచులో విరుగుతుంది. బీకన్‌లో కొత్త ఆల్కలైన్ బ్యాటరీలు వేయండి, తయారీదారు చెప్పనిదే లిథియం, రీచార్జబుల్ వాడొద్దు. ఫోన్, హీటెడ్ గ్లవ్స్, స్మార్ట్ వాచ్ సిగ్నల్‌ను చెడగొడతాయి. బీకన్ పంపుతున్నప్పుడు వాటిని 20 సెంటీమీటర్లు, వెతుకుతున్నప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉంచాలి. బయల్దేరేచోట ఒకరు ముందు నడిచి, మిగతావాళ్లు ఒక్కొక్కరుగా దాటుతుంటే అందరి బీకన్లూ పంపుతున్నాయో లేదో చూడాలి.

మొదటి 10 నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట అయితే ముగ్గురు. కాబట్టి కాపాడేది పక్కనున్న మీరే, హెలికాప్టర్ కాదు. ముందు రెండోసారి తెగే ప్రమాదం ఉందా చూడండి. చివరిసారి మనిషి కనపడిన చోటు గుర్తుపెట్టుకోండి. అందరూ బీకన్లు సెర్చ్‌లోకి మార్చాలి. ఒక్కరు మర్చిపోయినా ఆయన బీకన్ వెంటే అందరూ తిరుగుతారు. సిగ్నల్ ఉంటే ఒకరు 911కు ఒక్క కాల్ చేసి వెంటనే పనిలోకి రావాలి. చివరిగా కనపడిన చోటు నుంచి కిందికి వెతుకుతూ వెళ్లండి, మంచు పైన గ్లవ్, పోల్ ఏదైనా కనపడితే లాగి చూడండి. బీకన్ చూపే దూరం అంకె 3కు దిగాక దాన్ని మంచుకు ఆనించి, దిశ మార్చకుండా, నెమ్మదిగా నిలువుగా, ఆ తర్వాత అడ్డంగా జరిపి అతి తక్కువ అంకె ఉన్నచోటు పట్టుకోండి. అక్కడినుంచి మంచు ఉపరితలానికి లంబంగా, 25 సెంటీమీటర్ల దూరంలో చుట్టూ తిరుగుతూ ప్రోబ్ గుచ్చండి. మనిషి తగిలాక ప్రోబ్ తీయకూడదు.

తవ్వడంలోనే ఎక్కువ సమయం పోతుంది. ప్రోబ్ దగ్గర నిలువు గొయ్యి తవ్వొద్దు. ప్రోబ్ చూపించిన లోతుకు ఒకటిన్నర రెట్లు దిగువన మొదలుపెట్టి, మనిషి వైపు అడ్డంగా తవ్వుకుంటూ వెళ్లండి. ముందున్నవాళ్లు మంచును కోసి వెనక్కి తోస్తే వెనకవాళ్లు కిందికి తోయాలి, రెండు నిమిషాలకోసారి ముందువాళ్లు మారాలి. తల దొరకగానే నోరు, ముక్కు శుభ్రం చేసి, ఛాతీ మీద మంచు తీసేయండి, శ్వాస లేకపోతే కృత్రిమ శ్వాస అక్కడే మొదలుపెట్టండి. వెన్ను దెబ్బతిని ఉండొచ్చు, లాగకండి. చలి తగలకుండా కింద పరుపు, పైన దుప్పటి కప్పండి.

ఇదంతా ఇంటి వెనక పార్కులో, ఒక సంచిలో బీకన్ పెట్టి పాతి, గడియారం పెట్టుకుని సాధన చేయొచ్చు. ఏఐఏఆర్‌ఈ అనే మంచుచరియల శిక్షణ సంస్థ లెవెల్ 1 కోర్సు మూడు రోజులు. గొయ్యి తవ్వడం, దారి ఎంపిక అక్కడ శిక్షకుడి పక్కన నేర్పుతారు. సీజన్ మొదట్లోనే సీట్లు నిండిపోతాయి, సెప్టెంబరు, అక్టోబరులో పేరు ఇవ్వడం మంచిది.

తిరిగి వచ్చాక మీరు చూసింది సీఏఐసీ వెబ్‌సైటులో పరిశీలనగా పంపండి. తేదీ, సమయం, చోటు, ఎత్తు, వాలు ముఖం, కోణం, గొయ్యి లోతు, బలహీన పొర ఏ లోతులో ఉంది, ఈసీటీ ఫలితం, వూంఫ్ వినపడిందా, పగుళ్లు చూశారా: ఇవి చాలు. గొయ్యి తవ్వకపోయినా, ఎదురుకొండ మీద తెగిన మంచుచరియ ఫొటో తీసి, అది ఏ దిక్కు ముఖమో రాసి పంపినా పనికొస్తుంది. వెళ్లాలనుకుని మానేసినా ఎందుకు మానేశారో రాయండి, ఫోర్‌కాస్ట్ రాసేవాళ్లకు అదీ సమాచారమే.